ఇన్‌ఫ్లుయెన్సర్ ప్రచారమున మాటనిలుకడ

వ్యాపార సంస్థ తన వస్తువును గాని సేవను గాని జనులకు పరిచయము చేయుటకై, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ మొదలగు మాధ్యమములలో స్వయంకృషిచే ఒక ప్రేక్షకవర్గమును సమకూర్చుకొనిన వ్యక్తితో, ప్రతిఫలము నిర్ణయించి కుదుర్చుకొను ఏర్పాటునకు వ్యాపారభాషలో బ్రాండ్ కొలాబరేషన్ అని పేరు. వాడుకలో దానినే కొలాబ్ అనియు, ప్రమోషన్ అనియు అందురు. అట్టి ప్రచారము చేయువానిని సంస్థలు ఇన్‌ఫ్లుయెన్సర్ అని పిలుచుటయు, వారు మాత్రము తమ్ము తాము కంటెంట్ క్రియేటర్లమని చెప్పుకొనుటయు పరిపాటి. ఈ ఏర్పాటున పైకి కనబడు పక్షములు రెండు: సొమ్మిచ్చు సంస్థ ఒకటి, ప్రచారము చేయు క్రియేటర్ మరియొకటి. కాని ఏ కాగితముపైనను సంతకము చేయని మూడవ పక్షము కూడ కలదు, అది ప్రేక్షకుడు. సంస్థ వెలయిచ్చి కొనుచున్నది ముఖ్యముగా ఆ ప్రేక్షకునకు ఆ క్రియేటర్‌పై గల నమ్మకమునే. కావున చెప్పవలసిన సంగతిని చెప్పవలసినవారికి వేళ దాటకుండ చెప్పుట యను ఒక్క గుణమే, సంస్థ పట్ల గడువు పాటింపుగను, క్రియేటర్ పట్ల సకాలమున చెల్లింపుగను, ప్రేక్షకుని పట్ల ఇది సొమ్ము పుచ్చుకొని చేసిన ప్రచారమను నిష్కపట నివేదనగను ఈ వృత్తియందు గోచరించుచున్నది. వీనిలో ఏ యొకటి లోపించినను తక్కినవి చిరకాలము నిలువవు. ఈ వ్యాసమున భారతదేశమందలి స్థితిగతులు ప్రధానముగను, పూర్వరంగమునకు అవసరమైనంతవరకు ఇతర దేశముల వృత్తాంతములును వివరింపబడును.

పూర్వచరిత్ర

ఒకరి కీర్తిని మరియొకరి సరకునకు ముడిపెట్టుట క్రొత్త సంగతి కాదు. మన గ్రామములలో దండోరా వేయువాడు తప్పెట మ్రోగించి, ముందుగా ఎవరి యాజ్ఞపై వచ్చెనో చెప్పి, పిమ్మట సంగతి చెప్పెడివాడు. వినువారికి ఆ మాట చావడిదో, దేవస్థానముదో, సంతలోని వర్తకునిదో తెలిసియే యుండెడిది. ఆధునిక ప్రచారవ్యాపారమున ఈ తెలివిడి క్రమక్రమముగా మసకబారినది. ఐనను మొదట అట్లు లేదు: ఇంగ్లండున జొసయా వెడ్జ్‌వుడ్ అను కుమ్మరి షార్లట్ రాణికి తేనీటి పాత్రలు చేసియిచ్చి, 1766 నుండి తాను రాణిగారి కుమ్మరినని ప్రకటించుకొని, తన మట్టిపాత్రల పనితనమునకు రాణి పేరు పెట్టి అమ్మెను. ఇందు దాపరికము లేదు. భారతదేశమున 1941లో నటి లీలా చిట్నీస్ లక్స్ సబ్బు ప్రకటనలో కనబడిననాడును, పత్రికలో అది ప్రకటనయని చదువరికి సులభముగానే తెలిసెడిది.

ప్రచారమున ఇచ్చిన మాట విషయమున న్యాయస్థానములు పలికిన మాటలలో నేటికిని పాఠముగా చెప్పదగినది 1892 నాటి కార్లిల్ వ్యాజ్యము. లండనులో కార్బాలిక్ స్మోక్ బాల్ అను ఔషధసాధనమును అమ్ము సంస్థ, దానిని రోజునకు మూడుమార్లు చొప్పున రెండు వారములు వాడియు ఇన్‌ఫ్లుయెంజా జ్వరము వచ్చినవారికి నూరు పౌనులు చెల్లింతుమని పత్రికలలో ప్రకటించి, తమ చిత్తశుద్ధికి గుర్తుగా అలయన్స్ బ్యాంకులో వేయి పౌనులు జమచేసితిమని కూడ చెప్పెను. ఆ సాధనమును యథావిధిగా వాడిన శ్రీమతి కార్లిల్‌కు జ్వరము వచ్చెను. ఆమె సొమ్మడుగగా, ఇది కేవలము ప్రకటనలోని అతిశయోక్తియనియు, ప్రకటనను అంగీకరించినట్లు ఆమె తమకు తెలియజేయలేదనియు సంస్థ వాదించెను. అప్పీలు న్యాయస్థానము ఆ వాదమును త్రోసివైచి, లోకమునకు చేసిన ప్రతిజ్ఞను నమ్మి నియమము నెరవేర్చినవానికి ఆ ప్రతిజ్ఞ చెల్లునని తీర్పు చెప్పెను. ప్రచారములో పలికిన మాట ఊరక పోదనుటకు ఈ వ్యాజ్యముకన్న తేటయైన దృష్టాంతము దొరకుట కష్టము.

సొమ్ము పుచ్చుకొనిన సంగతిని దాచి మెచ్చుకొనుట యను దోషము పెద్దయెత్తున బయటపడినది అమెరికా రేడియో రంగమున. పాటల రికార్డుల సంస్థల నుండి రహస్యముగా సొమ్ము పుచ్చుకొని రేడియో వ్యాఖ్యాతలు వారి పాటలనే మాటిమాటికి వినిపించిరని 1959, 1960 సంవత్సరములలో అచ్చటి కాంగ్రెసు విచారణ జరిపి, ప్రతిఫలము పుచ్చుకొనినచో ఆ సంగతిని శ్రోతలకు చెప్పవలెనను నియమమును చట్టమున బిగించెను. అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1980లో వెలువరించిన సిఫారసు ప్రకటనల మార్గదర్శకములు 2009లో బ్లాగు వ్రాయువారికిని, 2023 సవరణలలో నేటి సామాజిక మాధ్యమములకును విశదముగా వర్తింపజేయబడినవి.

2005లో యూట్యూబ్, 2010లో ఇన్‌స్టాగ్రామ్ ఆవిర్భవించిన పిమ్మట ప్రచారము వృత్తిగా మారినది. భారతదేశమున 2020 జూన్ 29న టిక్‌టాక్ మొదలగు 59 యాప్‌లు నిషేధింపబడగా, మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇచ్చట ప్రవేశించెను. చిన్న నిడివి వీడియోలు చేయు వేలాది యువకులు, గృహిణులు అటు తరలిరి. తెలుగునాట జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గ్రామము నుండి వెలువడిన మై విలేజ్ షో వంటి ఛానళ్లు, పల్లెటూరి యాసయు పల్లె ముఖములును ఎంతటి ఆదరము పొందగలవో చూపినవి. అంతవరకు సినిమా తారలకు మాత్రమే లభించిన బ్రాండ్ ఒప్పందములు అటుపిమ్మట జిల్లా పట్టణములలోని క్రియేటర్ల ముంగిటికి కూడ వచ్చినవి. కాని తారల వెనుక నుండెడి మేనేజరు, న్యాయవాది, లెక్కలు వ్రాయువాడు ఈ చిన్నవారికి లేకపోవుటచేత, ఆ ముగ్గురి పనియు వాట్సాప్ సందేశముల మీద నడువవలసి వచ్చినది. ఈ రంగమున తలెత్తు పేచీలలో అధికభాగమునకు మూలమిచ్చటనే కలదు.

ఒప్పందము, బ్రీఫ్

సంస్థ గాని, దాని పక్షమున ఏజెన్సీ గాని క్రియేటర్‌కు పంపు పనివివరముల పత్రమునకు బ్రీఫ్ అని పేరు. ఎన్ని రీల్స్, ఎన్ని స్టోరీలు, ఏ తేదీకి, ఏ మాటలు పలుకవలెను, ఏ మాటలు పలుకరాదు అనునవి అందుండును. ఇచ్చుటకు ఒప్పుకొనిన పనులను డెలివరబుల్స్ అందురు. మౌఖికముగా కుదిరిన ఒప్పందము కూడ 1872 నాటి భారత ఒప్పందముల చట్టము ప్రకారము సామాన్యముగా చెల్లును. ఈ-మెయిలు మొదలగు ఎలక్ట్రానిక్ రూపములలో కుదిరిన ఒప్పందము ఆ కారణముచేతనే చెల్లకపోదని సమాచార సాంకేతిక చట్టములోని 10ఎ సెక్షను చెప్పుచున్నది. కావున చట్టదృష్టిలో వాట్సాప్ మాట వట్టి మాట కాదు. చిక్కు ఎచ్చటననగా, నాలుగు వారములలో నూట యేబది సందేశముల నడుమ చెదరియున్న ఒప్పందమును పేచీ వచ్చిననాడు ఏరి కూర్చుట దుస్సాధ్యము. అందుచే అనుభవజ్ఞులు ఫోనులో ఏమి మాటలాడుకొన్నను, ఫోను పెట్టిన వెంటనే ఆ సారాంశమును ఒక్క ఈ-మెయిలులో వ్రాసి, ఇందు తప్పున్నచో చెప్పుడని అడుగుదురు. పది నిమిషములు పట్టు ఈ పని పదిమాసముల వైరమును తప్పించుట ఈ వ్యాసకర్త పలుమార్లు చూచినదే.

ముందుగా వ్రాసికొనకపోవుటచే అధికముగా వివాదాస్పదమగునవి కొన్ని గలవు. డ్రాఫ్ట్ చూపిన పిమ్మట సంస్థ ఎన్ని మార్లు మార్పులు కోరవచ్చును, మరల షూటింగు చేయవలసివచ్చినచో అదనపు సొమ్మెంత యనునది మొదటిది. చెప్పిన ధరలో జీఎస్టీ చేరియున్నదా లేదా యనునది మరియొకటి. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటిన సేవాదారు సామాన్యముగా జీఎస్టీ నమోదు పొంది 18 శాతము పన్ను వసూలుచేయవలసియుండగా, ఆ మాట చివరకు ఇన్వాయిస్‌లో మాత్రమే కనబడినచో సంస్థకు మోసపోయినట్లు తోచుట సహజము. వీనికన్న లోతైనది వాడుక హక్కుల సంగతి. క్రియేటర్ తన పేజీలో పెట్టుటకని చేసిన వీడియోను సంస్థ తన వెబ్‌సైటులోను, దుకాణపు తెరలపైనను, సొమ్ము కట్టిన ప్రకటనగాను వాడుకొనవచ్చునా? ఎంతకాలము? 1957 నాటి కాపీరైటు చట్టములోని 19వ సెక్షను ఇచ్చట మిక్కిలి ఉపయుక్తము: హక్కుల బదలాయింపు పత్రములో కాలపరిమితి చెప్పనిచో అది ఐదు సంవత్సరములనియు, ప్రాంతము చెప్పనిచో భారతదేశమంతయు ననియు భావింపవలెనని అందు కలదు. నెల దినముల ప్రచారమని తలచి సంతకము చేసినవాడు ఐదేండ్లు తన ముఖమును పరుల ప్రకటనలో చూచుకొనవలసిన పరిస్థితి ఒక్క పంక్తి వ్రాయకపోవుటచేతనే యేర్పడును.

అనుమతి విషయమున మౌనము తెచ్చు చిక్కు కూడ చెప్పదగినది. క్రియేటర్ గడువులోపల డ్రాఫ్ట్ పంపును. సంస్థ ఐదు దినములు పలుకదు. ఆరవనాడు, ఇంతవరకు పోస్టు ఎందుకు చేయలేదని యడుగును. మౌనము అర్ధాంగీకారమని మనకొక నానుడి కలదు గాని, న్యాయశాస్త్రము దానిని అంగీకరింపదు. 1862 నాటి ఫెల్ట్‌హౌస్ వ్యాజ్యములో, నీనుండి మరి మాట రానిచో గుఱ్ఱము నాదేయని తలతునని ఒకడు తన సోదరుని కుమారునకు వ్రాసిన జాబునకు ఆ కుమారుడు బదులీయలేదు. ఆ మౌనముచే ఒప్పందము కుదరలేదని ఆంగ్ల న్యాయస్థానము తేల్చెను. కావున 48 గంటలలో ప్రత్యుత్తరము రానిచో డ్రాఫ్ట్ ఆమోదింపబడినట్లేయని భావింపదలచినచో, ఆ మాటను ఉభయులును ముందే వ్రాసికొని యొప్పుకొనియుండవలెను.

గడువు తప్పు సందర్భము

గడువు తప్పుటకంటె, తప్పబోవుచున్నదని తెలిసియు చెప్పకుండుట ఈ వృత్తిలో పెద్ద దోషముగా ఎంచబడును. సంస్థకు కాలమే సరకు. ఒక ఉదాహరణ ఊహింతము. మంగళగిరి చీరలమ్ము దుకాణము శ్రావణమాసపు అమ్మకములకై, వరలక్ష్మీ వ్రతమునకు పది దినములు ముందుగా ఒక రీల్, రెండు స్టోరీలు కావలెనని విజయవాడలోని యొక క్రియేటర్‌తో కుదుర్చుకొనెను. సగము సొమ్ము బయానాగా ముట్టినది, చీరలు కొరియరులో చేరినవి. షూటింగు నాటి ఉదయము ఆమె బిడ్డకు జ్వరము వచ్చెను. అప్పుడామె దుకాణపు యజమానురాలికి ఇట్లు వ్రాసెననుకొందము: “మేడం, పాపకు పొద్దున్నుంచి జ్వరం. ఈ రోజు షూట్ చేయలేను. గురువారం పొద్దున పది గంటలకల్లా డ్రాఫ్ట్ పంపుతాను. అంతవరకు ఆగడం మీకు కుదరకపోతే ఇప్పుడే చెప్పండి, అడ్వాన్సు సాయంత్రంలోగా వెనక్కి వేసి, చీరలు కొరియర్ చేస్తాను.”

ఈ నాలుగు వాక్యములలో కారణము కలదు, క్రొత్త వేళ కలదు, ఎదుటివారికి వేరుదారి చూచుకొను స్వేచ్ఛ కలదు; అన్నిటికంటె ముఖ్యముగా ఇది గడువునకు ముందు వచ్చినది. యజమానురాలు ఇంకొకరిని కుదుర్చుకొనవచ్చును, లేదా గురువారము వరకు ఆగవచ్చును. ఏది చేసినను ఆమె చేతిలోని పనియే. అటుగాక క్రియేటర్ రెండు దినములు ఫోనెత్తక, మూడవనాడు “సారీ మేడం, కొంచెం బిజీ” అని వ్రాసినచో, నిజమైన జ్వరము కూడ అబద్ధముగా కనబడును. పండుగ దాటిన రీల్ ఎంత అందముగా నున్నను ఆ దుకాణమునకు పనికిరాదు. ఇట్లు పలుకకుండ మాయమగుటను ఈ రంగమువారు ఘోస్టింగ్ అందురు. ఏజెన్సీలలో పనిచేయువారు తమలో తాము చెప్పుకొను పేర్ల జాబితాలకు ఎచ్చటను అచ్చు రూపము లేదు. కాని ఒకమారు మాయమైనవాని పేరు ఆ జాబితాలో చేరుటకు ఒక మధ్యాహ్నము చాలును.

చట్టము కూడ ఈ భేదమును గుర్తించినది. కాలము ప్రాణప్రదమైన ఒప్పందమున గడువు తప్పినచో ఎదుటి పక్షము ఒప్పందమునే రద్దుచేసికొనవచ్చుననియు, అట్లు కానిచోట జరిగిన నష్టమునకు పరిహారము మాత్రమే కోరవచ్చుననియు ఒప్పందముల చట్టము 55వ సెక్షను చెప్పును. వాగ్దానము పొందినవాడు తనంతట గడువు పొడిగింపవచ్చునని 63వ సెక్షను చెప్పును. పొడిగింపు అడిగినవానికే దొరకును గదా.

ప్రతిఫలము

మాటనిలుకడ యనగానే క్రియేటర్లనే వ్రేలెత్తి చూపుట వాడుకయైనది. ఇది సమంజసము కాదు. ఈ వ్యాపారమున సొమ్మిచ్చు పక్షము మాట తప్పుట అంతకంటె తరచైనదియు, దాని బాధ అంతకంటె దీర్ఘమైనదియు. వీడియో వెలువడి, లక్షలమంది చూచి, సరకు అమ్ముడైన మూడుమాసముల పిమ్మట కూడ “పేమెంట్ ప్రాసెస్‌లో ఉందండి” అను ఒక్క వాక్యమే మరలమరల వచ్చుట ఎరుగని చిన్న క్రియేటర్ అరుదు. దీనికొక కారణము వ్యాపారపు అంతర్నిర్మాణములోనే యున్నది: సంస్థ ఏజెన్సీకి అరువది, తొంబది దినముల అరువుపై చెల్లించును; ఏజెన్సీ తనకు సొమ్ము చేరిన పిమ్మట క్రియేటర్‌కు చెల్లించును; ఈ గొలుసులో కడపటివాడు ఎవరు ఎచ్చట ఆపిరో తెలియక, అడిగినచో మరల అవకాశమీయరేమోయని జంకి ఊరకుండును. నిజమైన కారణమును, నిజమైన తేదీని చెప్పుట ఏజెన్సీవారి కనీస ధర్మము. సొమ్ము ఆలస్యమగునని ముందే చెప్పినచో క్రియేటర్ తన యింటి అద్దెకు, కెమెరా వాయిదాకు మరియొక ఏర్పాటు చూచుకొనును.

ఇచ్చట పలువురు క్రియేటర్లకు తెలియని రక్షణ యొకటి కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము ప్రకారము, సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైన సేవాదారునకు కొనుగోలుదారు ఒప్పుకొనిన తేదీలోపల చెల్లింపవలెను. ఆ గడువు ఎట్టి పరిస్థితిలోను 45 దినములు మించరాదు. వ్రాతపూర్వకమైన గడువే లేనిచో 15 దినములు. దాటినచో బ్యాంకు రేటునకు మూడురెట్ల వడ్డీ, నెలనెలకు చక్రవడ్డీగా చెల్లింపవలసియుండును. ఒంటరిగా పనిచేయు క్రియేటర్ కూడ ఉద్యం అను ఆ నమోదును పొందవచ్చును. ఆ నమోదు సంఖ్యను ఇన్వాయిస్‌పై అచ్చు వేయించుటయే చెల్లింపు శాఖవారికి మర్యాదతో కూడిన హెచ్చరికగా పనిచేయును.

సొమ్మునకు బదులు వస్తువులిచ్చు ఏర్పాటును బార్టర్ అందురు. క్రొత్తవారు దీనిని బహుమతిగా తలచి ఒప్పుకొందురు. కాని 2022 జులై 1 నుండి అమలైన ఆదాయపు పన్ను నియమము ప్రకారము, వ్యాపారమున గాని వృత్తియందు గాని కలుగు ఇట్టి ప్రయోజనముల విలువ ఏడాదికి 20,000 రూపాయలు మించినచో 10 శాతము పన్ను కోయవలసియున్నది. పనికై యిచ్చిన ఫోనును పని ముగిసిన పిమ్మట తిరిగి యిచ్చివేసినచో అది ప్రయోజనముగా లెక్కింపబడదనియు, ఉంచుకొనినచో లెక్కింపబడుననియు ప్రత్యక్ష పన్నుల బోర్డు వివరించినది. వస్తువు తిరిగి యివ్వవలెనా యుంచుకొనవలెనా యన్న చిన్న మాటను ముందే అడుగవలసిన అగత్యము ఇందువలన తెలియుచున్నది.

సంఖ్యల నిజాయితీ

క్రియేటర్ తన్ను పరిచయము చేసికొనుచు పంపు పత్రమును మీడియా కిట్ అనియు, ధరల పట్టికను రేట్ కార్డ్ అనియు అందురు. అందు ఫాలోవర్ల సంఖ్యయే మొదట కనబడును. ఆ సంఖ్యను వెలకు కొనువారును కలరు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో వెలువరించిన నిబంధన, కల్పిత ఫాలోవర్లను, కల్పిత వీక్షణములను వ్యాపారప్రయోజనమునకై అమ్ముటను కొనుటను నిషేధించినది. తెలివిగల సంస్థలు ఇప్పుడు ఫాలోవర్ల సంఖ్యను వదలి, గత మాసమున రీల్స్ ఎందరిని చేరినవి, వారిలో ఎందరు ఏ నగరమువారు, ఎందరు దాచుకొనిరి, ఎందరు పరులకు పంపిరి అను ఇన్‌సైట్స్ లెక్కలను స్క్రీన్‌షాట్లుగా అడుగుచున్నవి. అనకాపల్లిలోని బెల్లము వ్యాపారికి డల్లాసులోని పదివేలమంది తెలుగు ప్రేక్షకులకంటె విశాఖపట్టణములోని వేయిమంది ఉపయోగకరులు కావచ్చును. ఎగుమతి చేయువానికి లెక్క తారుమారగును. ఉన్న సంఖ్యను ఉన్నట్లు చెప్పిన చిన్న క్రియేటర్ తనకు తగిన సంస్థను వెదకికొనగలుగును.

ప్రేక్షకునికి చెప్పవలసినది

భారతదేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జులైలో అమలులోనికి వచ్చి, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ యేర్పడెను. 1985లో స్థాపితమైన అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అను స్వీయనియంత్రణ సంస్థ ఇన్‌ఫ్లుయెన్సర్లకై ప్రత్యేక నియమములు చేసి 2021 జూన్ 14 నుండి అమలుచేయనారంభించెను. ప్రచారమను సంగతి తెలుపు గుర్తు, మరింత చదువుడను మీట నొక్కకుండనే కనబడునట్లు వివరణలోని మొదటి రెండు పంక్తులలో నుండవలెననియు, 15 సెకన్లలోపు వీడియోలో కనీసము 3 సెకన్లును, రెండు నిమిషముల లోపు వీడియోలో మూడవవంతు సేపును నిలువవలెననియు అందు సూచింపబడినది. 2022 జూన్ 9న ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించు ప్రకటనలపై మార్గదర్శకములను, 2023 జనవరిలో ప్రభుత్వము ఇన్‌ఫ్లుయెన్సర్లకై సులభభాషలో వివరణ పత్రమును వెలువరించినవి. సొమ్మేగాక ఉచిత వస్తువులు, ప్రయాణములు, బసలు, సంస్థలో వాటాలు, బంధుత్వము, ఉద్యోగము సైతము వెల్లడింపవలసిన సంబంధములే.

తెలుగు క్రియేటర్లు గమనింపవలసిన విశేషమొకటి కలదు: ప్రచారము ఏ భాషలో చేసిరో ఆ భాషయందే ఈ వెల్లడి యుండవలెనని ఆ నియమముల యాశయము. వీడియో అంతయు గోదావరి యాసలో సాగి, చివర హ్యాష్‌ట్యాగుల గుంపులో ఎస్‌పీ అను రెండక్షరములు ఇంగ్లీషులో దాచిన, అది ఆ వీడియో చూచు పల్లెటూరి అవ్వకు ఏమి తెలుపును? “ఇది డబ్బులు తీసుకుని చేస్తున్న ప్రమోషన్ అండి” అను మాట నోట పలికినచో అందరికి తెలియును. అట్లు చెప్పినచో ప్రేక్షకులు పోవుదురని సంస్థలవారు కొందరు భయపడి, గుర్తు తీసివేయుమని వత్తిడి చేయుదురు. ఈ వత్తిడికి ఒప్పుకొనరాదు. ఎందుకనగా దాచిన సంగతి బయటపడిననాడు పోవు నమ్మకము క్రియేటర్‌దే గాని సంస్థది కాదు. సంస్థ మరియొక ముఖమును వెదకికొనును.

దాపరికపు ఫలములకు రెండు విదేశీ దృష్టాంతములు ప్రసిద్ధములు. 2016 డిసెంబరులో పలువురు ప్రసిద్ధ మోడళ్లు ఒకేమారు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలలో నారింజరంగు చతురస్రమును ప్రకటించి, బహామా దీవులలో జరుగబోవు ఫైర్ ఫెస్టివల్‌పై ఆసక్తి రేకెత్తించిరి. 2017 ఏప్రిలులో అచ్చటికి చేరినవారికి విలాసవంతమైన విడుదులకు బదులు విపత్తు బాధితుల గుడారములు కనబడినవి; నిర్వాహకునకు 2018లో ఆరేండ్ల కారాగారశిక్ష పడెను. ఎథీరియంమ్యాక్స్ అను క్రిప్టో నాణెమును 2,50,000 డాలర్లు పుచ్చుకొని ప్రచారము చేసి, ఆ సొమ్ము సంగతి చెప్పనందుకు అమెరికా టీవీ తార కిమ్ కర్దాషియన్ 2022లో ఆ దేశపు సెక్యూరిటీస్ కమిషన్‌కు 12.6 లక్షల డాలర్లు చెల్లింప నంగీకరించెను. ప్రచార గుర్తు ఉన్నను సొమ్మెవరు ఎంతయిచ్చిరో చెప్పవలసిన బాధ్యత అచ్చటి చట్టమున వేరుగా కలదు.

విచారించి పలుకు బాధ్యత

తాను ప్రచారము చేయు మాట నిజమో కాదో క్రియేటర్ విచారింపవలెను. 2019 చట్టపు 21వ సెక్షను ప్రకారము తప్పుదారి పట్టించు ప్రకటనలో పాల్గొనినవానికి 10 లక్షల రూపాయల వరకు, మరల చేసినచో 50 లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. మొదట ఒక సంవత్సరము, పిదప మూడు సంవత్సరముల వరకు ప్రచారము చేయకుండ నిషేధింపవచ్చును. అయితే ఆ మాటల సత్యమును తగిన శ్రద్ధతో విచారించియుండినచో అతనికి శిక్ష లేదు. ఈ రక్షణను నిలుపునది సంస్థతో జరిపిన ఉత్తరప్రత్యుత్తరములే. బ్రీఫ్‌లో చేనేత అని వ్రాసియున్నచో, హ్యాండ్‌లూమ్ మార్క్ కలదా, ఏ సహకార సంఘపు మగ్గముపై నేసినది అని అడిగి, బదులును దాచుకొనవలెను. హైదరాబాదు శివారులలోని ప్రీ-లాంచ్ ప్లాట్లకై అమెరికాలోని తెలుగువారిని ఉద్దేశించి వీడియో చేయుమని కోరినచో, ముందుగా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య అడుగవలెను. 2016 నాటి స్థిరాస్తి చట్టము ప్రకారము నమోదు కావలసిన ప్రాజెక్టును నమోదు లేకుండ ప్రకటించుటయే నిషిద్ధము. ఆరోగ్య, ఆర్థిక విషయములలో సలహా యిచ్చువారికి తగిన అర్హతలుండవలెనని 2023 నియమములు కోరుచున్నవి.

తెలుగునాట ఈ బాధ్యత ఎంతటి తీవ్రమైనదో బెట్టింగ్ యాప్‌ల వ్యవహారము చూపినది. 2025 మార్చిలో, ఇట్టి యాప్‌లకు ప్రచారము చేసిరను ఆరోపణపై పలువురు నటులపైనను యూట్యూబర్లపైనను హైదరాబాదు ప్రాంతపు పోలీసులు కేసులు నమోదు చేసిరి. అదే సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము సొమ్ముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, వానిని ప్రచారము చేయువారికి రెండేండ్ల వరకు కారాగారమును, 50 లక్షల వరకు జరిమానాను విధించునట్లు నిర్దేశించినది. యాప్ వెనుక నున్నది ఏ సంస్థ, అది ఎచ్చట నమోదైనది, సొమ్ము ఏ ఖాతా నుండి వచ్చుచున్నది అను మూడు ప్రశ్నలకు వ్రాతపూర్వకముగా బదులు రానిచో, ఎంత పెద్ద మొత్తము చూపినను ఆ ఒప్పందమును వదలుకొనుటయే క్షేమము.

పని ముగిసిన తరువాత

పోస్టు వెలువడుటతో ఒప్పందము తీరిపోదు. అది ఎన్ని దినములు పేజీలో నిలువవలెనో వ్రాసికొనియుండవలెను. ఆరు మాసములని యొప్పుకొని, మరియొక బ్రాండ్ వచ్చినదని రెండవ మాసముననే దాచివేయుట మాట తప్పుటయే. సామాన్యముగా వారము దినములకు, పిదప నెలకు ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్లు పంపుట, ఫలితము తక్కువైనచో తక్కువయనియే చెప్పి తనకు తోచిన కారణమును జతచేయుట మంచి వృత్తిపద్ధతిగా గణింపబడుచున్నది. పోటీ సంస్థతో పనిచేయరాని కాలమును కూడ పంచాంగమువలె గోడపై గుర్తించుకొనువారు కలరు.

వస్తువులో లోపము ప్రచారము తరువాత బయటపడినచో ఏమి చేయవలెను? కొన్నవారు చీర రంగు దిగుచున్నదని వ్యాఖ్యలలో వ్రాయగా ఆ వ్యాఖ్యలను చెరిపివేయుట తరచుగా జరుగును. కొందరు క్రియేటర్లు మాత్రము ఆ ఫిర్యాదులను అట్లే యుంచి, సంస్థకు పంపి, సంస్థ చెప్పిన బదులును, చీర మార్చుకొను విధమును, ఫోను చేయవలసిన వేళలను తమ మాటలలో వ్రాసి, ఆ వీడియో క్రింద మొట్టమొదట కనబడునట్లు పిన్ చేసి యుంచుచున్నారు. సంస్థ బదులీయనిచో, వారింకను బదులీయలేదని తేదీతో సహా అచ్చటనే వ్రాయుచున్నారు.